చెకుముకిరాళ్ళ చర్చి, కొయ్య దేవదూతలు

ఇంగ్లండులో ఊళ్ళ పేర్లు చదవడం నావంటి తెలుగు పండితుడికి ఒక పరీక్ష. వ్రాసినదంతా పలకడం, పలికినదంతా వ్రాయడం మన సంప్రదాయం. వారికి ఆ నిర్బంధం లేదు. బోర్డు మీద అక్షరం అక్షరం కూడబలుక్కుని 'బ్లైత్‌బర్గ్' అని నేను చదివితే, మా అబ్బాయి నవ్వి, "దాన్ని బ్లైబరా అనాలి నాన్నగారూ" అన్నాడు. నడుమ ఉన్న హల్లులు ఏమైనాయని అడిగాను. మనకు ఒక వర్ణం లోపిస్తే ఏ సూత్రం చేత లోపించిందో చెప్పుకోగలం. అక్కడ లోపమే తప్ప సూత్రం కనబడదు. కనుక ఈ వ్యాసంలో ఆ ఊరిని వారు పలికినట్లే బ్లైబరా అంటాను.

ఇది ఇంగ్లండు తూర్పు తీరాన సఫక్ జిల్లాలోని పల్లెటూరు. మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఇప్స్విచ్ పట్టణంలో ఉండడం వల్ల ఈ ఊరి చర్చిని రెండు పర్యాయాలు, తీరుబడిగా చూసే అవకాశం కలిగింది. ఇప్స్విచ్ నుంచి ఉత్తరంగా పోయే పెద్దరోడ్డు మీద వెళ్తుంటే, బ్లైత్ నది పోటునీటికి మునిగి తేలే బురదమేటలు, రెల్లుదుబ్బులు కనబడతాయి. వాటి ఒడ్డున, చుట్టూ చెప్పుకోదగిన ఇళ్ళేమీ లేకుండానే, ఒక ఓడంత కట్టడం నిలబడి ఉంటుంది. స్థానికులు దీన్ని 'చిత్తడినేలల మహాదేవాలయం' అని మురిపెంగా పిలుచుకుంటారు. అసలు పేరు పరిశుద్ధ త్రిత్వ దేవాలయం. లోపలి పొడవు నూటయిరవై అడుగులకు పైమాటే. ఊరి జనాభా మాత్రం కొన్ని వందలు. ఊరంతా వచ్చి కూర్చున్నా సగం బల్లలు ఖాళీగానే ఉంటాయి.

ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద గుడి ఎందుకన్న ప్రశ్న ఎవరికైనా పుడుతుంది. ఒకప్పుడు ఇది చిన్న ఊరు కాదు. ఓడలు నది మీదుగా ఇక్కడిదాకా వచ్చేవి. ఉన్ని వ్యాపారం, చేపల వ్యాపారం సాగేవి. పక్కనే అగస్టీన్ సంప్రదాయానికి చెందిన సన్యాసుల మఠం ఉండేది. పదిహేనో శతాబ్దంలో, చేతినిండా డబ్బు ఆడుతున్న కాలంలో, పాత చర్చిని తీసి ఇప్పటి కట్టడాన్ని లేపారు. పడమటి గోపురం ఒక్కటీ అంతకు ముందరిది, దాన్ని అలాగే ఉంచారు. తరువాత నదిలో మేటవేసింది, ఓడలు పెద్దవైనాయి, వ్యాపారం మరోచోటికి తరలిపోయింది. 1530ల దశకంలో ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించాడు. ఊరు చిక్కిపోయి గుడి మిగిలింది. నా ఉద్దేశంలో ఈ పేదరికమే గుడిని కాపాడింది. డబ్బున్న ఊళ్ళలో ప్రతి తరమూ తన అభిరుచి కొద్దీ చర్చిని మార్చుకుంటూ వచ్చింది. ఇక్కడ మార్చడానికి రొక్కం లేదు.

ఆంగ్లికన్ చర్చి అన్నమాటకు చిన్న వివరణ ఇవ్వాలి. 1534లో ఆ హెన్రీయే రోమునగర పోపుతో తెగతెంపులు చేసుకుని, ఇంగ్లండు చర్చికి తానే అధిపతినని శాసనం చేయించాడు. అప్పటికి కట్టి ఉన్న వేలాది చర్చిలు ఒక్క రాయి కదలకుండానే కొత్త శాఖలోకి వచ్చేశాయి. మన వైపు 1841లో మచిలీపట్నం చేరి విద్యాసేవ చేసిన రాబర్ట్ నోబుల్ ఈ శాఖవాడే. మనదేశంలోని దక్షిణాది ఆంగ్లికన్లు 1947లో ఇతర శాఖలతో కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. చర్చి అనగానే మనకు కళ్ళముందు మెదిలేది మెదకు చర్చి, ఆ రంగురంగుల అద్దాల కిటికీలు. ఆ ఊహతో బ్లైబరాకు వెళ్తే మొదట కొంత నిరాశ కలుగుతుంది.

ముందు వెలుపలి సంగతి. ఆ ప్రాంతంలో కట్టుబడికి తగిన రాయి దొరకదు. దొరికేది చెకుముకిరాయి, అదీ గుప్పెడు గుప్పెడు గుండ్లుగా. సున్నంలో ఆ గుండ్లను పొదిగి గోడలు లేపారు. శోభ కావలసిన చోట చెకుముకిని పగలగొట్టి, నల్లగా నిగనిగలాడే లోపలి ముఖాన్ని బయటికి పెట్టి, తెల్లరాతి చట్రాలలో ముగ్గు వేసినట్లు అమర్చారు. మన ఆలయానికి మల్లే నేను ప్రదక్షిణంగా నడిచాను. తూర్పుగోడ దగ్గర ఆగిపోయాను. పెద్ద కిటికీ కింద వరుసగా అక్షరాలు చెక్కి ఉన్నాయి, ఒక్కొక్క అక్షరం మీద ఒక్కొక్క కిరీటం. చదివితే మాట కావు. ఇవి లాటిను పదాల మొదటి అక్షరాలనీ, త్రిత్వానికీ, మరియమ్మకూ, సాధ్వి అన్నకూ, సాధ్వి కేథరీన్‌కూ గౌరవార్థం ఈ కట్టడం పునర్నిర్మితమైందని భావమనీ పండితులు పూరణ చేశారు. సమస్యాపూరణాలతో, బంధకవిత్వంతో పెరిగిన వాళ్ళం కదా, ఆ గోడముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఆ మాటలను వ్రాయించిన వాడు పూర్తిగా ఎందుకు వ్రాయించలేదు? స్థలం చాలక కాదు, గోడ విశాలంగానే ఉంది. తెలిసిన వాడికి మొదటి అక్షరం చాలునని కాబోలు.

దక్షిణపు వాకిలి గుండా లోపలికి అడుగు పెట్టగానే కలిగేది వెలుతురు. మన ఆలయాలలో మండపం నుంచి గర్భగృహానికి పోయేకొద్దీ చీకటి చిక్కబడుతుంది, ఆ చీకటిలో దీపం దగ్గర స్వామి దర్శనమిస్తాడు. ఇక్కడ అంతా విపర్యయం. జనం కూర్చునే మండపానికీ, తూర్పున అర్చకులుండే ఆవరణకూ నడుమ గోడగానీ కమానుగానీ లేదు. పైకప్పు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే పరుపు. స్తంభాల పైభాగాన ఒక్కొక్క వైపు పద్దెనిమిది చొప్పున కిటికీలు బారులు తీరాయి. సముద్రతీరపు వెలుగు, తెల్లని వెలుగు, రెండు వైపుల నుంచీ జాలువారుతూ ఉంటుంది.

అయితే ఈ వెలుగు గుడి కట్టినవాళ్ళు సంకల్పించినది కాదు. వాళ్ళు ఈ కిటికీలను రంగు అద్దాలతో, సాధుసంతుల బొమ్మలతో నింపారు. మతసంస్కరణ కాలంలోనూ, ఆ తరువాత అంతర్యుద్ధ కాలంలోనూ బొమ్మలు విగ్రహారాధన అని అద్దాలను పగలగొట్టి, మామూలు అద్దాలు వేశారు. కొన్ని ముక్కలు మాత్రం అక్కడక్కడ మిగిలాయి. చూడవచ్చినవారంతా 'ఆహా, ఎంత వెలుతురు' అని పొగుడుతారు. నేనూ పొగిడాను. ఆ పొగడ్త విధ్వంసానికి కూడా కొంత చెందుతుందని జ్ఞాపకం వచ్చి, నోరు మూసుకుని పైకి చూశాను.

పైకప్పు గూర్చి చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను. ఓక్ కలపతో చేసిన దూలాలు కొద్దిగా విల్లులా వంగి ఈ గోడ నుంచి ఆ గోడకు ఉన్నాయి. ప్రతి దూలం నడిమధ్యన దేవదూతలు. రెక్కలు బార్లా చాచి, కొందరు చేతిలో డాళ్ళు పట్టుకుని, కిందికి చూస్తూ ఉంటారు. రెక్కలను విడిగా చెక్కి, మేకులతో ఒంటికి తగిలించారు. పక్కదూలాలకు తెల్లని పూత, దాని మీద ఎరుపు, ఆకుపచ్చ రంగులలో పువ్వులు, క్రీస్తు నామసంకేతమైన మూడక్షరాలు. ఆ రంగు పదిహేనో శతాబ్దంలో వేసినది. మళ్ళీ ఎవ్వరూ దిద్దలేదు. చాలాచోట్ల వెలిసి, నానబెట్టి ఆరేసిన పాతచీర మాదిరిగా ఉంది. మెడనొప్పి భరించలేక ఒక బల్ల మీద వెల్లకిలా పడుకుని చూశాను. అరవై దాటినవాడు చర్చిలో అలా పడుకోవడం మర్యాద కాదని మా అబ్బాయి ఇబ్బందిపడ్డాడు. అవతలి వరుసలో మరొక వృద్ధుడు అదే పని చేస్తుండడం చూసి ఊరుకున్నాడు.

ఆ రంగు నన్ను ప్రత్యేకించి పట్టుకోవడానికి కారణం ఉంది. ఆ రోజులలోనే మా ఊరి గుడి పెద్దలు నాకు ఫోను చేసి ఒక విషయం అడిగి ఉన్నారు. మా గుడిలో పాత కొయ్యవాహనాలున్నాయి, గరుడుడు, శేషుడు, హనుమంతుడు. ఎప్పటివో తెలియదు. మా తాతగారి చిన్ననాటికే పాతవట. రంగులు వెలిసి, అక్కడక్కడ పెచ్చులూడాయి. జీర్ణోద్ధారణలో భాగంగా వాటికి కొత్తగా బంగారురంగు, ఎనామిలు వేయించాలని వారి ఆలోచన. విరాళమిచ్చే దాత సిద్ధంగా ఉన్నాడు. "మాస్టారూ, మీరు ఊఁ అంటే మొదలుపెడతాం" అన్నారు. వచ్చాక చెబుతానన్నాను. ఈ పైకప్పు కింద పడుకుని ఆ ఫోను మాటలే తలచుకుంటున్నాను.

ఇక దేవదూతల గాయాల కథ. దగ్గరగా చూస్తే వారి ఒంటినిండా చిన్నచిన్న రంధ్రాలు. మరమ్మతుల సమయంలో ఆ కొయ్యలో సీసపు రవ్వలు దొరికాయి. ఎవరో తుపాకులతో కాల్చారన్నమాట. ఎవరు కాల్చారంటే, తరతరాలుగా వేలు చూపించినది విలియం డౌసింగ్ అనేవాడి వైపు. ఇతడు సఫక్ జిల్లా వ్యవసాయదారుడే. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతున్న కాలంలో, చర్చిలలోని విగ్రహాలను, బొమ్మలను తొలగించే అధికారపత్రం పుచ్చుకుని, 1643 చివర నుంచి కేంబ్రిడ్జి, సఫక్ ప్రాంతాలలో రెండువందల యాభై చర్చిల దాకా తిరిగాడు. ఏ ఊళ్ళో ఏమి పగలగొట్టించాడో దినచర్య పుస్తకంలో శ్రద్ధగా వ్రాసుకున్నాడు. తరచుగా ఒక్కొక్క చర్చికి ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు రుసుము కూడా వసూలు చేసుకున్నాడు. ధ్వంసం చేయించుకున్న వాళ్ళే కూలి ఇచ్చుకోవాలన్నమాట.

1644 ఏప్రిల్‌లో అతడు బ్లైబరాకు వచ్చాడు. బొమ్మలు, శిలువలు తొలగించాలనీ, పైనున్న ఇరవై కెరూబులను దింపాలనీ ఆదేశించినట్లు తన పుస్తకంలోనే ఉంది. కెరూబులంటే మన తెలుగు బైబిలులోనూ అదే మాట, రెక్కలున్న దేవదూతలు. ఇక కథ అల్లుకోవడానికి ఏమి కావాలి? డౌసింగ్ మనుషులు నిచ్చెనలు అందక నేల మీద నుంచి తుపాకులు పేల్చారని, గుర్రాలను తెచ్చి చర్చిలోనే కట్టేశారని, స్తంభాలకున్న ఇనుపకడియాలు అందుకోసమేనని చెప్పుకుంటూ వచ్చారు.

అసలు సంగతి వేరు. కొయ్యలో దొరికిన రవ్వలు పద్దెనిమిదో శతాబ్దపువి. ఆ శతాబ్దపు చర్చి లెక్కల పుస్తకాలలో ఒక పద్దు ఉంది, జాక్‌డా పిట్టలను కాల్చడానికి తుపాకిమందుకూ రవ్వలకూ చెల్లించిన సొమ్ము. జాక్‌డా అంటే మన కాకి జాతిదే, కొంచెం చిన్నది, మెడ వెనుక బూడిదరంగు. గోపురాలలో, పైకప్పు సందులలో గూడు పెట్టడం దానికి ఇష్టం. పిట్టలు రెట్టలు వేసి పాడుచేస్తున్నాయని ఊరి పెద్దలు తమ చర్చిలో తామే తుపాకులు పేల్పించారు. గురి తప్పిన రవ్వలు దేవదూతలకు తగిలాయి. మతద్వేషం లేదు, దండయాత్ర లేదు. శుభ్రత కోసం జరిగిన పని. ఖర్చు పద్దు వ్రాసి సంతకం పెట్టిన పని.

డౌసింగ్ మంచివాడని నేను అనను. పగలగొట్టించిన అద్దాలకు అతడే బాధ్యుడు. బాప్తిస్మపు తొట్టి పలకల మీది శిల్పాలను ఉలితో నున్నగా చెక్కిపారేసిన వాళ్ళు అతడి మతం వాళ్ళే. కాని దేవదూతల విషయంలో జరిగిందేమిటంటే, వాటిని దింపమని శత్రువు ఆదేశించాడు, ఊరివాళ్ళు దింపలేదు. తరువాత నూరేళ్ళకు ఎవరూ ఆదేశించకుండానే ఊరివాళ్ళు కాల్చారు. నేరం మాత్రం పోయినవాడి ఖాతాలో వేశారు. మన దగ్గర కూడా, ఏ గుడి ముందైనా ముక్కు విరిగిన ద్వారపాలకుడు కనబడితే చాలు, ఏ నవాబు సేనలో విరగగొట్టాయని ఠక్కున చెప్పేవారుంటారు. కొన్నిచోట్ల అది నిజమే. అయినా ఆ పక్కనే ద్వారానికి ఇనుపగేటు బిగించడానికి శాసనస్తంభానికి పెట్టిన కన్నాన్ని ఎవరూ చూపించరు.

ఇంకొక తేడా. మనకు భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. దాన్ని జలాధివాసం చేయించి, కొత్తది ప్రతిష్ఠించుకుంటాం. అందుచేత మన గుడులలో విరిగినది కనబడితే మనసు ఒప్పుకోదు, వెంటనే సరిచేయాలనిపిస్తుంది. బ్లైబరా దేవదూతలకు పూజ లేదు. వారు కేవలం పైకప్పు అలంకారం. కనుకనే గాయాలతోనే ఉండనిచ్చారు. ఈ తేడాను గుర్తించకుండా 'చూడండి, వాళ్ళు ఎంత భద్రంగా ఉంచారో' అని మనవాళ్ళను దెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం. అయితే వాహనం మూలవిరాట్టు కాదు కదా? ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

ఉత్తరపు తలుపు మీద మరొక కథ ఉంది. 1577 ఆగస్టు 4, ఆదివారం. జనం ప్రార్థనలో ఉండగా ఘోరమైన పిడుగువాన వచ్చింది. గోపురం మీది కోసుగా ఉన్న శిఖరం పైకప్పును చీల్చుకుని లోపల పడింది. కొందరు మరణించారు, వారిలో ఒక బాలుడు. ఆ సమయాన ఒక నల్లకుక్క రూపంలో సైతాను చర్చిలోకి దూకి, ఉత్తరపు తలుపును గీరి పారిపోయిందని ఐతిహ్యం. 1933లో తలుపును శుభ్రం చేస్తే కాలిన మచ్చలు బయటపడ్డాయి. అవి సైతాను గోళ్ళ గుర్తులని పిల్లలకు చూపిస్తారు. కొవ్వొత్తి మంటతో ఎవరో కాల్చిన గుర్తుల వంటివే అవి. కీడు తగలకుండా అలా కాల్చే అలవాటు పాత ఇంగ్లండులో ఉండేదంటారు, మనం గడపకు పసుపు రాసినట్లు. నేను వేలు పెట్టి చూశాను. వేలు సరిగ్గా ఇమిడింది.

బల్లల దగ్గరికి వద్దాం. కూర్చునే బల్లల అంచులకు నిలువు పలకలు, వాటి కొసన జానెడు బొమ్మలు. కొన్ని ఋతువుల పనులు చూపుతాయి, కొన్ని పాపాలు. సోమరితనం పక్కలో నుంచి లేవడం లేదు. తిండిపోతు తన పొట్టను తానే మోస్తున్నాడు. లోభి డబ్బుపెట్టె మీద కూర్చున్నాడు, లేస్తే ఎవరు ఎత్తుకుపోతారోనని. చాడీకోరు నాలుక బయటపెట్టాడు. తాగుబోతు కాళ్ళకు బొండ వేశారు. ముఖాలు చాలా వరకు అరిగిపోయాయి, అయినా ఒంటి వంపులోనే స్వభావం తెలుస్తుంది. ఏ రాణినో రాజునో చూసి చెక్కినవి కావు ఇవి. శిల్పి పొరుగువాడిని చూసి చెక్కి ఉంటాడు, ఆ పొరుగువాడు వచ్చి దాని పక్కనే కూర్చునీ ఉంటాడు.

పండితుడి బుద్ధి ఊరకుండదు. వారి లెక్కలో మహాపాపాలు ఏడు, మన లెక్కలో అంతశ్శత్రువులు ఆరు. పోల్చి చూస్తే కామం, క్రోధం, లోభం, మదం, మాత్సర్యం ఉభయులకూ సమానం. మోహం మనకు మాత్రమే ఉంది. సోమరితనం, తిండిపోతుతనం వారి జాబితాలో అదనం. తిండి యావను మనవాళ్ళు శత్రువుగా లెక్కించకపోవడం గోదావరి జిల్లాలవాడినైన నాకు సంతోషమే. మోహాన్ని వారు వదిలిపెట్టడం మాత్రం ఆశ్చర్యం. కొయ్యలో మోహాన్ని ఎలా చెక్కాలో తెలియక కాదు గదా!

ఇంతవరకు చూసినవాటిని మెచ్చుకున్నాను. తరువాత చూసినదాన్ని ప్రేమించాను. తూర్పు భాగాన గాయకబృందం కూర్చునే బల్లలున్నాయి. వాటి ముందు పలకల మీద అపొస్తలుల చిన్న విగ్రహాలు. పైన వ్రాతబల్లగా పనికివచ్చే భాగంలో గుండ్రటి కన్నాలు. సిరాబుడ్లు పెట్టుకునే కన్నాలవి! పదిహేడో శతాబ్దంలో ఈ బల్లలు పక్కనున్న హాప్టన్ కుటుంబపు ఉపాలయంలో ఉండేవి. అక్కడ బడి నడిచేది. పవిత్రమైన బల్లలకు కన్నాలు పెట్టి పిల్లలకు వ్రాతబల్లలు చేశారు. పిల్లలు ఊరుకుంటారా? చాకుతో గీశారు. ఒక డచ్చి పిల్లవాడు తన పేరును తీరికగా, అందంగా చెక్కాడు. డిర్క్ లవర్సన్, స్టాక్‌హోం, 1665. ఎక్కడి స్టాక్‌హోం, ఎక్కడి బ్లైబరా! 1665లో ఇంగ్లండుకూ డచ్చివారికీ సముద్రం మీద యుద్ధం జరుగుతోంది. ఆ తీరాన, శత్రుదేశపు పేరున్న పిల్లవాడు బడిలో కూర్చుని, పాఠం వినకుండా, ఓక్ చెక్కమీద తన పేరు చెక్కుకున్నాడు.

ముప్పైనాలుగేళ్ళు పాఠశాలలో తెలుగు చెప్పాను. బల్లల మీద పేర్లు చెక్కే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. చెక్కేవాడు చివరి వరుసలో ఉంటాడు, చదువులో వెనుకబడినవాడై ఉంటాడు, దస్తూరి మాత్రం తరచుగా బాగుంటుంది. ఎందుకంటే ఆ ఒక్క మాటనే శ్రద్ధగా వ్రాస్తాడు. డిర్క్ అక్షరాలు కూడా బాగున్నాయి. ఆ బల్లలను చెక్కిన వడ్రంగి పేరు వాటి మీద ఎక్కడా కనబడలేదు. పాడుచేసిన పిల్లవాడి పేరు మూడువందల అరవై ఏళ్ళుగా నిలిచింది. ఇప్పుడు దాన్ని చెరిపివేయడానికి ఎవరైనా పూనుకుంటే దానినే విధ్వంసం అంటారు.

మిగిలినవాటిని త్వరగా చెబుతాను. కవచం తొడుక్కున్న కొయ్యసైనికుడు ఒకడున్నాడు, దాని మీద 1682 సంవత్సరం ఉంది. పూర్వం గడియారానికి అనుసంధానమై గంటలు కొట్టేవాడు. ఇప్పుడు ప్రార్థన మొదలయ్యే ముందు తాడు లాగితే గంట కొడతాడు. మా మనవడికి చర్చి మొత్తంలో నచ్చినది ఇతడొక్కడే. ఈ చర్చిలో సంగీతకచేరీలు కూడా జరుగుతాయి. 1969 జూన్ 7న బెంజమిన్ బ్రిట్టెన్ నడిపే ఉత్సవపు సంగీతశాల స్నేప్ గ్రామంలో కాలిపోతే, కొన్ని కార్యక్రమాలను ఇక్కడికి మార్చారు. కొయ్యకప్పు కింద నాదం ఎలా పలుకుతుందో వినే భాగ్యం మాత్రం నాకు కలగలేదు.

పంతొమ్మిదో శతాబ్దం నాటికి ఈ గుడి పరిస్థితి దయనీయం. వాన వస్తే జనం గొడుగులు వేసుకుని ప్రార్థన చేసేవారని చెప్పుకుంటారు. 1881లో ప్రమాదకరమని బిషప్పు మూయించాడు. ఇక్కడే అసలు వివాదం మొదలైంది. చర్చి పాదిరికి కావలసింది కురవని కప్పు, కూలని గోడ. విరాళాలు రావాలంటే గుడి కొత్తగా, కళగా కనబడాలి. అవతలి పక్షాన ఉన్నది 1877లో కవి, శిల్పకళాభిమాని విలియం మారిస్ స్థాపించిన ప్రాచీన కట్టడాల రక్షణ సంఘం. ఆనాడు చర్చిలను 'ఉద్ధరించే'వాళ్ళు పాత సున్నాన్ని గీకి, పాతరాళ్ళు తీసి, మధ్యయుగంలో ఉండి ఉంటుందని తాము ఊహించినదాన్ని కొత్తగా కడుతున్నారు. మారిస్ మిత్రులు దీన్ని వ్యతిరేకించి, తమ సంఘానికి 'గీకుడు వ్యతిరేకులు' అనే ముద్దుపేరు పెట్టుకున్నారు. వారి సూత్రం క్లుప్తంగా ఇది. పడిపోకుండా నిలబెట్టండి, నీరు దిగకుండా చూడండి, పాడైనది పాడైనట్లే ఉంచండి, పాతదాన్ని కొత్తగా నటింపజేయకండి. ఆ సంఘానికీ చర్చి పెద్దలకూ ఏళ్ళ తరబడి వాదోపవాదాలు నడిచాయి.

ఈ కథను చెప్పేవారంతా మారిస్‌ను నాయకుడిగా, పాదిరిని ప్రతినాయకుడిగా చిత్రిస్తారు. నాకు పాదిరి మీద సానుభూతి ఉంది. మారిస్ లండను నుంచి ఉత్తరం వ్రాస్తాడు. తల మీద వాన పడేది పాదిరికి, అతడి ముందు కూర్చున్న ముసలివాళ్ళకు. గుడి అంటే ముందు పదిమంది తడవకుండా కూర్చునే చోటు. ఆ తరువాతే కళాఖండం. అయినా ఒక్క విషయంలో మారిస్ గెలవడం లోకానికి మేలైంది. పైకప్పును బాగుచేశారు, రంగు జోలికి పోలేదు. కొత్త రంగు వేసి ఉంటే నేను బల్లమీద వెల్లకిలా పడుకునేవాడిని కాను. పెయింటరు పనితనాన్ని నిలబడే చూసి, బయటికి వచ్చేవాడిని.

ఇండియాకు తిరిగివచ్చాక మా ఊరి గుడి పెద్దలతో కూర్చున్నాను. బ్లైబరా పేరు ఎత్తలేదు. ఎత్తితే 'మాస్టారు సీమకు వెళ్ళొచ్చి దొరల మాటలు మాట్లాడుతున్నారు' అంటారు, అందులో తప్పు కూడా లేదు. రెండు సంగతులు అడిగాను. వాహనాలుంచే గది కప్పు కురుస్తోంది, ముందు అది బాగుచేయించండి. రెండోది, ఎనామిలు వేసేముందు ఒక్కసారి తడిగుడ్డతో కాకుండా పొడిగుడ్డతో దుమ్ము దులిపి చూడండి. దాతగారికి మొదటిది నచ్చలేదు. కప్పు మీద ఆయన పేరు వ్రాయించుకుంటే ఎవరికి కనబడుతుంది? గది ద్వారం పక్కన రాతిపలక వేయిద్దామన్నాను. ఒప్పుకున్నారు.

దుమ్ము దులిపినప్పుడు నేనూ ఉన్నాను. గరుడుడి ఎడమరెక్క లోపలివైపు, చేతులు తగలని చోట, ఈకకు ఈక వేరుగా తీర్చిన ఎరుపు, పచ్చ బయటపడ్డాయి. కుర్రవాళ్ళు సెల్‌ఫోన్లలో బొమ్మలు తీసుకున్నారు. అర్చకస్వామి మాత్రం, "బాగానే ఉంది మాస్టారూ, కాని ఊరేగింపులో దూరాన నిలబడ్డవాడికి స్వామి వాహనం వెలవెలబోతూ కనబడితే ఏం బాగుంటుంది?" అన్నారు. ఆయన మాట కొట్టివేయదగినది కాదు. ఊరేగింపుకు వేరే కొత్త వాహనం చేయించి, పాతదాన్ని గదిలో ఉంచుదామని ఒకరు సూచించారు. ఖర్చు ఎంతవుతుందో వడ్రంగిని అడుగుతామన్నారు. గది కప్పు వానల ముందే పూర్తయింది. మాఘమాసంలో కల్యాణోత్సవాలు. ఆ లోపల కమిటీ మరొకసారి కూర్చుంటుంది.